‘ఆ పొగ నాది’ అన్న మా అత్త

మా మేనత్త పోయిన కబురు అందినప్పుడు నేను ఒక ముసలాయన చేత గొట్టంలోకి గాలి ఊదిస్తున్నాను. జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రిలో, ఊపిరి పరీక్షలు చేసే గదిలో నా ఉద్యోగం. రోగి గుండెల నిండా గాలి పీల్చుకుని ఒక్క ఉదుటున గొట్టంలోకి ఊదాలి, ఆగకుండా ఊదుతూనే ఉండాలి. ఎంత గాలి వచ్చిందో, ఎంత వేగంగా వచ్చిందో కంప్యూటరు మీద గీతలా పడుతుంది. మూడుసార్లు సరిగ్గా ఊదితేగానీ పరీక్ష పూర్తయినట్టు కాదు. ఆయన రెండోసారి ఊది దగ్గుతున్నాడు. ఫోన్లో మా బావ, అంటే అత్త కొడుకు, “అమ్మా నహీఁ రహీ” అన్నాడు, అమ్మ ఇక లేదని. మేం తెలుగులో పలకరించినా తను హిందీలోనే జవాబు చెబుతాడు, చిన్నప్పటి నుంచీ అంతే. “వత్తన్నాను బావా” అని ఫోన్ పెట్టేశాను. ముసలాయన దగ్గు ఆగేదాకా చూసి, మూడోసారి ఊదించాను. గీత బాగానే వచ్చింది. రిపోర్టు తీసి ఆయన చేతికిచ్చి, అప్పుడు కూర్చున్నాను.

ఉదయం ఎండ పొడకి అత్త ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుందట. ఒళ్ళో దువ్వెన ఉందట. కోడలు టీ తెచ్చి పిలిస్తే పలకలేదట. డాక్టరు కాగితంలో కారణం గుండె అని రాశారు. అది తప్పేమీ కాదు. కానీ ఆ గుండె దాకా జబ్బు ఏ దారిన వచ్చిందో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

అత్త శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళయి ఈ ఊరొచ్చింది. మావయ్య ఉక్కు పనుల్లో కాంట్రాక్టు కూలీ. ఆయన పోయేనాటికి బావకి పదేళ్ళు. అత్త భుయ్యాడీహ్‌లో తను ఉండే సందు మొదట్లోనే టిఫిను బండి పెట్టింది. ఇడ్లీ, గారెలు, ఆదివారాలు ఉప్మా. మొదటి షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు ఆమె దగ్గర ఆగి నిలబడే తిని సైకిలెక్కేవారు. బీహారీలు, ఒడియావాళ్ళు, మనవాళ్ళు, అందరికీ ఆమె ‘మౌసీ’యే, పిన్ని అన్నమాట. తెలుగు రాని వాళ్ళు కూడా “మౌసీ, ఇంకోటి ఎయ్యి” అనడం నేర్చుకున్నారు.

ఆ టిఫిన్లన్నీ బొగ్గు పొయ్యి మీదే. ఇనప బకెట్టుకి లోపల మట్టి మెత్తి, మధ్యలో ఊచలు పెట్టి తనే చేసుకుంది. మా ఊళ్ళో బొగ్గు సైకిళ్ళ మీద వస్తుంది. సైకిలు కనపడకుండా బస్తాలు కట్టి, మనిషి దాన్ని ఎక్కకుండా తోసుకుంటూ వస్తాడు. అత్త ఆ బస్తాలోంచి ముక్కలు ఏరుకునేది. తెల్లవారుజామునే పొయ్యి సందులోకి తెచ్చి పిడకలతో రాజేసేది. పచ్చబొగ్గు అంటుకునేదాకా, అరగంటో ముప్పావుగంటో, పసుపు తెలుపు కలిసిన చిక్కటి పొగ. చలికాలం ఆ పొగ పైకి లేవదు. నడుం ఎత్తున సందంతా పరుచుకుని అక్కడే ఉండిపోతుంది. బొగ్గు ఎర్రబడి పొగ తగ్గాక పొయ్యిని బండి దగ్గరికి లాగేది. ఆ అరగంటా అత్త విసనకర్ర పట్టుకుని దాని ముందే కూర్చునేది. అలా ఇరవయ్యేళ్ళ పైన.

శుభ్రం విషయంలో ఆమెంత గట్టి మనిషిని నేను చూడలేదు. భుజం మీద ఎప్పుడూ ఒక తడిగుడ్డ. ఇడ్లీ పళ్ళేలు, గిన్నెల మూతలు, బండి అంచు, కిటికీ చువ్వలు, దేవుడి పటం, దేన్నీ వదలదు. మా ఊళ్ళో సాయంత్రం తుడిచిన బల్ల మీద పొద్దున్నే వేలితో పేరు రాయొచ్చు. నేను వెళ్ళినప్పుడల్లా కూర్చోబోయే ముందు “ఆగే” అని స్టూలు తుడిచి, గుడ్డ నాకు చూపించేది. “సూసేవా? ఇప్పుడే తుడిసేను. మల్లీ నల్లగైపోనాది.” ఆరేసిన బట్టల్ని రెండుసార్లు దులిపి మడత పెట్టేది. ఆమె దృష్టిలో దుమ్మంటే నల్లటిది, గుడ్డకి అంటేది, నీళ్ళకి పోయేది.

అత్త జబ్బు బయటపడేనాటికి నాకు ఈ ఉద్యోగం వచ్చి ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళూ వారానికోసారైనా అత్త దగ్గర తిన్నాను. ఆమె ఇడ్లీ పెడుతూ మాట మధ్యలో ఆగి గాలి తీసుకోవడం చూశాను. రొమ్ములోంచి సన్నటి ఈల వినిపించేది. పొద్దంతా అవే ఈలలు వినే పని నాది. అయినా అత్త దగ్గర విన్నప్పుడు చలిగాలి అనుకున్నాను. ఇంట్లో మనిషి రోగిలా కనపడదు. దీనికి నేను వేరే సాకు చెప్పను.

చివరికి ఒకరోజు, చేతిపంపు దగ్గర నుంచి బిందె తెస్తూ మెట్ల మీద కూర్చుండిపోయిందని బావ చెప్తే, బతిమాలి ఆసుపత్రికి తీసుకొచ్చాను. పరీక్ష నేనే చేశాను. ముక్కుకి క్లిప్పు పెడితే నవ్వింది.

“ఊదు అత్తా. గట్టిగా. ఇంకా, ఇంకా, ఇంకా...”

“ఊదతన్నానే. నానేటి బుడగనా?” అంది గొట్టం తీసేసి.

మూడుసార్లూ గీత ఒకేలా వచ్చింది. లేవాల్సినంత లేవలేదు, దిగాల్సిన చోట వంకర తిరిగి సాగిలపడింది. ఇరవయ్యేళ్ళు బీడీలు తాగినవాళ్ళ గీత అలా ఉంటుంది. మా ఛాతీ డాక్టరు దాన్ని చూసి, మర్యాదగానే, హిందీలో అడిగారు. “అమ్మా, బీడీ ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నారు?”

అత్త మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగింది. “ఏటే, ఈ బాబు ఏటడుగుతన్నాడు? మాయమ్మ అడ్డపొగ తాగీది. సుట్ట నిప్పు నోట్లో ఎట్టుకొని తాగీది. ఆ కంపుకి నాను దాని ఒళ్ళో కూడా కూకోనేదు. నన్నా బీడీ అడుగుతాడు?”

ఆమె ఎప్పుడూ తాగలేదని నేను ఆయనకి చెప్పాను. డాక్టరు క్షమించమన్నారు. తర్వాత ఏం పని చేస్తారని అడిగి, పొయ్యి సంగతి విని, కాగితం మీద బొమ్మ గీసి విడమరిచారు. మీరు గుడ్డతో తుడిచే నల్ల దుమ్ము పెద్దది, అది చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, తుమ్మితే దగ్గితే బయటికి వస్తుంది అన్నారు. బొగ్గు కాలినా, లారీ పొగ వదిలినా, చెత్త తగలబెట్టినా, వాటితో పాటు కంటికి ఆనని నలుసులు పుడతాయి. తల వెంట్రుక వాటి పక్కన మోకులా ఉంటుంది. అవి ముక్కులో ఆగవు, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోయి అక్కడ వాపు పుట్టిస్తాయి. కొన్ని రక్తంలోకీ దిగుతాయి, గుండె మీద భారం వేస్తాయి. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే ఊపిరి గొట్టాలు ఇరుకైపోతాయి, మళ్ళీ మునుపటిలా తెరుచుకోవు. పీల్చే మందు రాశారు, పొయ్యి మానేయమన్నారు.

తిరుగు ఆటోలో అత్త భుజం మీది గుడ్డ తీసి చూసుకుంది. తర్వాత మెల్లగా అంది. “నల్లగుంటే తుడుత్తాం. కనపడందాన్ని ఏటెట్టి తుడుత్తాం?”

దారిలో రోడ్డు పనుల దుమ్ములో లారీలు వరసగా ఆగి ఉన్నాయి. దూరంగా ఫ్యాక్టరీ గొట్టాల మీద పొగ. మలుపులో ఎవరో చెత్తకుప్పకి నిప్పు పెట్టారు. అత్త ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించింది. “అదో. అదో. అదో. ఊరికంతటికీ నా పొయ్యొక్కటే కనపడ్డాదేటి మీ డాక్టరుకి? ఆటన్నిటికీ కూడా గొట్టమెట్టి ఊదించగలవా నువ్వు?”

ఆమె అడిగింది న్యాయమైన మాటే. పక్కనున్న పొగే ముందు ముక్కులోకి పోతుంది అత్తా, అని మాత్రం అన్నాను. దానికామె అటు తిరిగి కూర్చుంది. ఆరు నెలలు ఆసుపత్రి గడప తొక్కలేదు. పొయ్యీ మానలేదు.

పక్కింట్లో ఒక బీహారీ కుటుంబం. భర్త జుగ్సలాయిలో గోడౌను పనికి తెల్లారే వెళ్ళిపోతాడు. వాళ్ళకి ఐదేళ్ళ పాప, గుడియా. ఆ పిల్లకి ప్రతి చలికాలం ఆయాసం వచ్చేది. వాళ్ళ కిటికీ సరిగ్గా అత్త పొయ్యి రాజేసే చోటికే తెరుచుకుంటుంది. వాళ్ళమ్మ కిటికీకి గోనెపట్టా కట్టింది, ఒక్కనాడు కూడా పల్లెత్తు మాట అనలేదు. చిన్నప్పుడు గుడియాకి తల్లి పాలు చాలకపోతే అత్తే గంజి కాచి పోసింది. ఆ మాట తల్లి మరిచిపోలేదు.

ఆ డిసెంబరులో ఒక పొద్దున్న, పొయ్యి పొగలు కక్కుతుండగా తల్లి పిల్లను ఎత్తుకుని బయటికి పరుగెత్తుకొచ్చింది. పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. అత్త విసనకర్ర పడేసి, ఇడ్లీ పిండి అక్కడే వదిలేసి, వాళ్ళతో ఆటో ఎక్కింది. నేను డ్యూటీకి వచ్చేసరికి ముగ్గురూ అత్యవసర వార్డులో ఉన్నారు. గుడియా మొహానికి మందు ఆవిరి పట్టే మాస్కు. అత్త చీర కొంగుకి బొగ్గు మసి.

అక్కడి జూనియర్ డాక్టరు, పాతికేళ్ళ అమ్మాయి, కాగితం రాసుకుంటూ తల్లిని అడిగింది. ఇంట్లో గానీ ఇంటి చుట్టుపక్కల గానీ పొగ ఏమైనా ఉందా?

తల్లి ఒక్క క్షణం మా అత్త వైపు చూసింది. తర్వాత తల దించుకుని, “నహీఁ. కుఛ్ నహీఁ” అంది. ఏమీ లేదు అని.

డాక్టరమ్మాయి రాసుకోబోయింది. అత్త నిలబడింది. ఆమెకి హిందీ బాగా వచ్చు. కానీ ఆ రోజు మాటలు కూడబలుక్కున్నట్టు చెప్పింది. “హై. ధువాఁ హై. మేరా హై.” ఉంది. పొగ ఉంది. అది నాది.

“రోజూనా?” అని అడిగింది ఆ అమ్మాయి.

“రోజూ. ఇది పుట్టకముందు నుంచీ,” అంది అత్త. గుడియా తల్లి ఆమె చెయ్యి పట్టుకుని, మౌసీ అలా అనకు, అలా అనకు అంటోంది. అత్త చెయ్యి విడిపించుకోలేదు. ఏడవలేదు కూడా. డాక్టరమ్మాయి రాయడం అయ్యేదాకా అలాగే నిలబడింది, రాశారో లేదో చూడమని నాకు కళ్ళతో చెప్పింది. నేను చూశాను. రాసింది.

మర్నాడు షిఫ్టు జనం వచ్చేసరికి బండి లేదు. సందులో అత్త సుత్తి పట్టుకుని తన పొయ్యి పగలగొడుతోంది. రెండు దెబ్బలు వేసి కూర్చోవడం, లేచి ఇంకో రెండు వెయ్యడం. బావ సుత్తి ఇమ్మంటే ఇవ్వలేదు. పక్క సందులో ఒకావిడ, పగలగొట్టేకన్నా నాకిస్తే వాడుకుందును కదా అంది. “ఎవులికిచ్చినా ఆళ్ళ పక్కింట్లో గుడియాలాటి ఓ గుంట ఉంటాది” అని, అత్త మట్టి పెళ్ళలు బస్తాకెత్తింది.

నెల రోజులు ఇంట్లో కూర్చుంది. బావ ఇక బండి వద్దే వద్దన్నాడు. చేతిలో పని లేని అత్తను అప్పుడే మొదటిసారి చూశాను. తుడిచినవే తుడిచేది. ఆ తర్వాత తనే గ్యాసు పొయ్యి తెచ్చుకుని మళ్ళీ బండి పెట్టింది. సంపాదన తగ్గిందని తెలుసు గానీ ఆ సంగతి ఎత్తేది కాదు. పాత ఖాతాదారు ఒకడు, మౌసీ, బొగ్గు మీద చేసిన గారె రుచి దీనికి రావట్లేదు అన్నాడు. “పొగ రుసి కావాలంటే రోడ్డు మీద నిలబడి నోరు తెరు బాబూ, ఊరికినే దొరుకుతాది” అంది. వాడు నవ్వి ఇంకో రెండు గారెలు తిన్నాడు.

గుడియాకి పూర్తిగా నయమైపోయిందని రాస్తే బావుంటుంది గానీ అది నిజం కాదు. ఆ తర్వాతి చలికాలం ఆసుపత్రికి రావడం తగ్గింది. కిటికీకి కట్టిన గోనెపట్టా తీసేశారు. బడికి నాగాలు తగ్గాయి. అయినా జనవరి పొగమంచులో ఊరు మొత్తం ముసురుకున్నప్పుడు పిల్ల ఇప్పటికీ దగ్గుతుంది. లారీలు తిరుగుతూనే ఉన్నాయి. చుట్టుపక్కల పొయ్యిలు రాజుకుంటూనే ఉన్నాయి. అత్త వాటి గురించి మాట్లాడ్డానికి ఇల్లిల్లూ తిరిగింది. ఒకావిడ గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది, ఇరవయ్యేళ్ళు పొగ పెట్టి ఇల్లు నడుపుకున్నావు, ఇప్పుడు మాకు చెప్పొచ్చావా అని. అత్త ఇంటికొచ్చి నాతో అంది. “అది తప్పు మాటేటీ కాదు. నాకెవులైనా ముందు సెప్పుంటే నానూ అలగే అందును.” మూడు ఇళ్ళ వాళ్ళు మానేశారు. మిగతావాళ్ళు మానలేదు. మానలేని వాళ్ళే ఎక్కువ.

ఆమె ఊపిరి మాత్రం వెనక్కి రాలేదు. రాదని డాక్టరు ముందే చెప్పారు. పొయ్యి మానితే పడిపోవడం నెమ్మదిస్తుందే తప్ప పోయింది తిరిగి రాదు. ఏటేటా నేనే పరీక్ష చేసేదాన్ని. పీల్చే మందుని ‘బూర’ అనేది. మొదట్లో ఎవరైనా చూస్తే టీబీ అనుకుంటారని జాకెట్లో దాచుకునేది. తర్వాత బండి మీదే, పచ్చడి గిన్నె పక్కన పెట్టుకుంది. ఎవరైనా అడిగితే, అడిగినవాళ్ళు చాలనేదాకా చెప్పేది. కూలీలు ఒకరిద్దరు ఆమె మాట విని నా దగ్గరికి పరీక్షకొచ్చారు. గొట్టం పట్టుకుని, మౌసీ పంపింది అనేవారు.

కిందటి చలికాలానికి బండి బావ భార్య చేతికి వచ్చింది. అత్త కాళ్ళకి నీరు పట్టింది. గుండె బలహీనపడిందన్నారు. ఇంటి నుంచి సందు చివరికి నడవాలంటే మూడుచోట్ల ఆగేది. ఆగిన చోట ఊరికే నిలబడితే చూసేవాళ్ళు జాలిపడతారని, గోడ మీద ఏదో తుడుస్తున్నట్టు గుడ్డ ఆడించేది. నేను అది కనిపెట్టానని ఆమెకీ తెలుసు.

పోవడానికి నెలరోజుల ముందు, ఒక మధ్యాహ్నం నేను కాళ్ళు నొక్కుతుంటే బావని కూడా పిలిచి చెప్పింది. “ఒరే, నన్ను కట్టెల మీద ఎట్టకండి. కరెంటుదానికి తీసుకెల్లండి. బతికున్నన్నాళ్ళూ సాలామంది ముక్కుల్లోకెల్లేను. పోయేకైనా ఎల్లను.”

బావ హిందీలో కసిరాడు, అలాంటి మాటలిప్పుడెందుకమ్మా అని.

“ఎప్పుడో ఒకప్పుడు కావాలి కదేటి. ఈ పిల్ల కూడా వింది, గుర్తెట్టుకో,” అంది.

అత్త పోయిన మంగళవారం మధ్యాహ్నానికి బంధువులందరూ చేరారు. బాగ్‌బేరా నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, మన ఆచారం కట్టెలే, చితి లేకపోతే ఎలా అన్నారు. ఇంకో ఇద్దరు ఆయన్ని సమర్థించారు. నలుగురిలో ఎదురు చెప్పే మనిషి కాదు మా బావ. ఆ రోజు మాత్రం లేచి నిలబడి, తెలుగులో చెప్పాడు. “మాయమ్మ సెప్పింది. అంతే.” అతని నోట అంత స్పష్టంగా తెలుగు మాట వినడం నాకదే మొదలు. పెద్దాయన కరెంటు శ్మశానానికే కబురు పెట్టమన్నారు. గుడియా తల్లి వచ్చి అత్త కాళ్ళ దగ్గర కూర్చుని చాలాసేపు పాదాలు పట్టుకుంది. గుడియా ఇప్పుడు నాలుగో తరగతి. గుమ్మంలో నిలబడి చూసింది, దగ్గరికి రాలేదు.

మూడో రోజు అస్థికలు కలపడానికి సువర్ణరేఖకి వెళ్ళాం. ఆడవాళ్ళు రాకూడదని ఎవరో అంటే, నన్ను చూపించి తను వస్తుందని బావ అన్నాడు. చలికాలం కదా, నదిలో నీళ్ళు తక్కువ. రాళ్ళు తేలి ఉన్నాయి. బావ కుండ మూతికి కట్టిన గుడ్డ విప్పాడు. గాలి ఒడ్డు వైపు, మా మీదికి వీస్తోంది. అతను ఒకసారి వెనక్కి తిరిగి మేం నిలబడ్డ చోటు చూశాడు. ప్యాంటు మోకాళ్ళ పైదాకా తడుస్తున్నా నీళ్ళలోకి నడుచుకుంటూ పోయి, వంగి, కుండ అంచు నీటికి ఆనించి నెమ్మదిగా ఒంచాడు. ఒక్క పిసరు కూడా గాలికి లేవలేదు. ఎముక ముక్కలు మునిగిపోయాయి. మెత్తటి బూడిద మునగలేదు. నీటి మీద పల్చటి పొరలా పరుచుకుని కొంతదూరం సాగి, రెండు రాళ్ళ మధ్య ఆగింది. అక్కడ కాసేపు గుండ్రంగా తిరిగి, అంచున సన్నటి దారి దొరికాక, నిదానంగా అవతలికి జారిపోయింది.